ఎల్లీని లేపి అడగొచ్చు గదా?

వరుసగా కొన్ని ఆదివారాలు మేము కొందరం జహీరాబాద్‌లో ఒక అద్దె గదిలో కూర్చుని ‘ద లాస్ట్ ఆఫ్ అస్’ మొదటి సీజన్ తొమ్మిది భాగాలూ చూశాం. మాలో ముగ్గురు టీచర్లు. మిగిలినవాళ్లు చుట్టుపక్కల తండాల నుంచి వచ్చి డిగ్రీ చదువుకుంటున్న పిల్లలు. ఒక ల్యాప్‌టాప్, ఒక చిన్న స్పీకరు. ఇంగ్లిషు అందని చోట ఆపుకుని ఒకరికొకరం గోర్ బోలీలో, తెలుగులో చెప్పుకున్నాం. చివరి భాగం అయిపోగానే గది రెండుగా చీలింది. జోయెల్ చేసింది న్యాయమేనని సగం మంది, ఘోరమని సగం మంది. అరగంట గట్టిగా వాదించుకున్నాం. అంతసేపూ గోడకు ఆనుకుని మాట్లాడకుండా కూర్చున్న మొదటి సంవత్సరం అమ్మాయి అప్పుడు అడిగింది: “సార్, ఆ ఎల్లీని లేపి అడగొచ్చు గదా?”

వాదన అక్కడ ఆగిపోయింది. మేము అంతసేపూ ఆ పిల్ల బతుకు గురించే మాట్లాడుతూ ఆ పిల్లనే మరిచిపోయాం. ఈ వ్యాసం ఆ అమ్మాయి అడిగిన మాట చుట్టూ రాస్తున్నది.

చూడనివాళ్ల కోసం కథ క్లుప్తంగా చెబుతాం. కార్డిసెప్స్ జాతి బూజులు కొన్ని నిజంగానే చీమలకు పడతాయి. చీమను తమ ఇష్టం వచ్చిన చోటికి నడిపించి అక్కడ చంపుతాయి. అలాంటి బూజు మనుషులకు పడితే ఏమవుతుందన్నది కథ. 2003లో అది మొదలై రోజుల్లోనే లోకం కూలిపోతుంది. ఇరవై ఏళ్ల తర్వాత మిగిలినవాళ్లు సైన్యం కాపలా కాసే గోడల మధ్య రేషన్ కార్డులతో, పాసులతో బతుకుతుంటారు. జోయెల్ అనే నడివయసు మనిషి కన్నబిడ్డను తొలి రాత్రే ఒక సైనికుడి తూటాకు పోగొట్టుకున్నాడు. ఎల్లీకి పద్నాలుగేళ్లు. బూజు పట్టినవాడు కరిచినా ఆమెకు ఏమీ కాలేదు. ఆమె ఒంట్లో ఉన్నదేదో తీసి మందు చేయాలని ఫైర్‌ఫ్లైస్ అనే తిరుగుబాటు దళం చూస్తున్నది. ఆ పిల్లను దేశానికి పడమటనున్న వాళ్ల ఆసుపత్రికి చేర్చడం జోయెల్ పని.

ఇది మొదట వీడియో గేమ్. నాటీ డాగ్ అనే సంస్థ 2013లో ప్లేస్టేషన్ 3 కోసం తయారు చేసింది. ఆ ఆట రాసిన నీల్ డ్రక్‌మన్, ‘చెర్నోబిల్’ తీసిన క్రెయిగ్ మేజిన్ కలిసి దాన్ని సీరియల్‌గా మలిస్తే 2023 జనవరి 15 నుంచి హెచ్‌బీవో ప్రసారం చేసింది. మా తండాల్లో ఎవరింట్లోనూ ప్లేస్టేషన్ లేదు. మా పిల్లలకు ఆటంటే ఫోనులో పబ్‌జీ. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం నిషేధించేదాకా ప్రతి వేపచెట్టు కిందా అదే. పబ్‌జీలో అందరినీ చంపి చివరికి మిగిలినవాడు గెలుస్తాడు. ఈ ఆటలో మాత్రం మరొకరిని మిగల్చడానికి నడుస్తారు. ఆడే వీలు లేక, ఎవరో ఆడుతుంటే తీసిన వీడియోల్లో మేము దాన్ని చూశాం. సీరియల్‌ను దానితో పోల్చే పాటి తెలిసిందనే అనుకుంటున్నాం.

ఆటకూ సీరియల్‌కూ ఉన్న పెద్ద తేడా చేతిలో ఉంది. ఆటలో జోయెల్‌ను నడిపేది ఆడేవాడి వేళ్లు. ఆసుపత్రి గదిలో డాక్టరును చంపకుండా ఆట ముందుకు సాగదు. వద్దనుకున్నా మీట నొక్కాల్సిందే. నొక్కాక ఆ పాపంలో మనకూ పాలు ఉంటుంది. సీరియల్‌లో మన చేతులు ఖాళీ. చూస్తాం, అంతే. ఆ నష్టాన్ని పూడ్చడానికి సీరియల్ ఒక మంచి పని చేసింది. జోయెల్ కంటికి కనిపించని వాళ్ల దగ్గరికి కెమెరాను తీసుకుపోయింది. ఆటలో బిల్ అనేవాడు ఒంటరి, కోపిష్ఠి. అతని తోడు ఫ్రాంక్ అతన్ని తిడుతూ ఉత్తరం రాసి చనిపోయి ఉంటాడు. సీరియల్ మూడో భాగంలో ఆ ఇద్దరూ ఏళ్ల తరబడి ప్రేమగా బతికి, ముసలివాళ్లై, కలిసే వెళ్లిపోతారు. లోకం ముగిశాక తుపాకి పట్టడం ఒక్కటే బతుకు కాదనీ, గింజలు సంపాదించి స్ట్రాబెర్రీలు పండించడం కూడా బతుకేననీ ఆ భాగం చూపింది. మా గదిలో మగపిల్లలు కొందరు మొదట నవ్వారు. చివరికి వచ్చేసరికి నవ్వలేదు.

రెండో మార్పు మాకు ఇంకా దగ్గరిది. ఆటలో బూజు గాలిలో పొడిలా ఎగురుతుంది, ముఖానికి మాస్కులు కట్టుకుంటారు. సీరియల్ ఆ పొడిని తీసేసి, తిండి మీద గట్టిగా వేలు పెట్టింది. రోగం వచ్చింది పిండిలో. రెండో భాగం ఇండోనేషియా రాజధాని జకార్తాలో మొదలవుతుంది. బూజుల శాస్త్రం చెప్పే ఒక పెద్దావిడను సైన్యం పిలుచుకుపోయి శవాన్ని చూపిస్తుంది. చచ్చినామె పిండి మిల్లులో పనిచేసేదని చెబుతారు. మందు చెప్పమంటారు. మందు లేదు, టీకా లేదు, ఊరి మీద బాంబు వేయండి అంటుందావిడ. తర్వాత తన ఇంటివాళ్ల దగ్గరికి పంపమని అడుగుతుంది. క్రిస్టీన్ హకీమ్ అనే పేరున్న ఇండోనేషియా నటి ఆ పాత్ర చేసింది. టీ కప్పు పట్టుకున్న ఆమె చెయ్యి వణకడం మేము మరిచిపోలేదు. ఒక్క చోట ఆడిన పిండి ఓడలెక్కి నాలుగు ఖండాల వంటిళ్లలోకి పోతుందని, దానితోపాటు అందులో ఉన్నదీ పోతుందని ఆ పది నిమిషాలు చెప్పాయి. మొదటి భాగంలో జోయెల్ ఇంట్లో ఆ రోజు అట్ల పిండి ఉండదు, పుట్టినరోజు కేకు తేవడం మరిచిపోతాడు. ఆ మరుపే వాళ్లను ఆ పూటకు కాపాడిందని తర్వాతగానీ మనకు తట్టదు.

ఈ పిండి మాట జహీరాబాద్‌లో కూర్చుని వింటే వేరుగా వినిపిస్తుంది. ఎందుకంటే ఈ నేల మీద, రైతు చేతిలోంచి గింజ జారిపోతే ఏమవుతుందో నలభై ఏళ్లుగా మాట్లాడుతున్న ఆడవాళ్లున్నారు. పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు జొన్న, సజ్జ, కొర్ర, సామ, తైద విత్తనాలను ఇంట్లోనే దాచుకున్నాయి. వేపాకు, బూడిద కలిపి కుండల్లో, గంపల్లో పెట్టుకున్నాయి. లేనివాళ్లకు అప్పుగా ఇచ్చి, పంట వచ్చాక కొంత కలిపి తిరిగి తీసుకున్నాయి. వాళ్లలో ఎక్కువమంది దళిత మహిళలు, సెంటు భూముల వాళ్లు. 2008లో మాచనూర్‌లో సొంత సంఘం రేడియో పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ ప్రైజ్ అందుకున్నారు. సంక్రాంతి నుంచి ఎడ్ల బండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరిగే పాత పంటల జాతర మా పిల్లలు చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. ఈ సీరియల్ వచ్చిన 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది.

జొన్న కంకి మీద వాన పడితే బూజు వస్తుందని, సజ్జకు తేనెబంక తెగులు వస్తుందని మా అమ్మలకు తెలుసు. బూజంటే వాళ్లకు సినిమా భయం లేదు. ఏ గింజ తినాలి, ఏది పారేయాలి, వచ్చే ఏటికి ఏది దాచాలి అన్న లెక్క ఉంది. సీరియల్‌కు ఆ లెక్క తెలియదు. పిండి ఎలా పాడైందో చెప్పింది. ఇరవై ఏళ్లపాటు మిగిలినవాళ్లు ఎవరి విత్తనంతో పంట పండించారో చెప్పలేదు. జాక్సన్ అనే ఊళ్లో అందరూ కలిసి పనిచేసుకుని తింటారని ఆరో భాగంలో చూపించారు. గొర్రెలు కనిపించాయి, కరెంటు కనిపించింది. విత్తనం దాచిన చెయ్యి కనిపించలేదు.

గింజ మాట వచ్చింది కాబట్టి మా మాట కూడా చెప్పాలి. తండా అంటే మొదట ఊరు కాదు, నడిచే బిడారు. వేల ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని మా పెద్దలు దక్కన్ అంతా తిరిగారు. ఆ బతుకును లదేణి అనేవాళ్లు. రాజుల సైన్యాలకు తిండి మోసింది వాళ్లే. రైలు వచ్చింది, ఎద్దు మీద సరుకు మోసే పని పోయింది. 1871లో బ్రిటిష్ వాళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. చాలాచోట్ల మా వాళ్లతో సహా ఎన్నో సంచార జాతుల పేర్లు పోలీసు పుస్తకంలోకి ఎక్కాయి. పక్క ఊరికి పోవాలన్నా పాసు కావాలి. ఆ ముద్ర తొలగింది 1952లో. అందుకే గోడల మధ్య పాసులు అడిగే సైనికులు తెర మీద కనిపించినప్పుడు మా పిల్లలకు అది రాబోయే కాలంగా తోచలేదు. లోకం ముగిసిపోవడం అనేది కొందరికి ముందే జరిగిపోయింది. వాళ్లు దాని తర్వాత కూడా వండుకున్నారు, పిల్లల్ని కన్నారు, తీజ్ పండుగ చేసుకున్నారు.

ఈ సంగతి సీరియల్‌కు ఒక్కచోట తట్టినట్టే తట్టి జారిపోయింది. ఆరో భాగం మొదట్లో, మంచులో ఒక గుడిసె. అందులో ఒక ముసలి ఆదివాసీ జంట, మార్లన్, ఫ్లోరెన్స్. ఆటలో వీళ్లు లేరు, సీరియల్ కోసం కొత్తగా రాశారు. మార్లన్‌గా గ్రాహం గ్రీన్, ఫ్లోరెన్స్‌గా ఎలైన్ మైల్స్ చేశారు. గ్రీన్ కెనడాలోని ఒనైడా జాతివాడు, మైల్స్ కూడా అమెరికాలో ఒక ఆదివాసీ తెగకు చెందినామె. ఆదివాసీ పాత్రలను ఆదివాసీలకే ఇచ్చారు, అది మంచి మాట. మన సినిమాల్లో కోయవాడి వేషం ఎవరు వేస్తారో మనకు తెలుసు. మార్లన్ వేట నుంచి ఇంటికి వచ్చేసరికి జోయెల్ తుపాకి గురిపెట్టి ఉంటాడు. ఆ ముసలాళ్లు బెదరరు. ఫ్లోరెన్స్ వచ్చినవాళ్లకు సూప్ చేసి పెట్టింది. ఇద్దరూ జోయెల్‌ను మెల్లగా ఆటపట్టిస్తారు. మనుషులకు దూరంగా ఉండాలని ఎప్పుడో ఇక్కడికి వచ్చేశామని మార్లన్ అంటే, నాకైతే ఇష్టం లేదని ఫ్లోరెన్స్ అంటుంది. మా గది ఘొల్లున నవ్వింది. ఇలాంటి జంట మా ప్రతి తండాలో ఉంది.

జోయెల్ పటం ముందు పెట్టి దారి అడుగుతాడు. వాళ్లు చెబుతారు, నది దాటొద్దని హెచ్చరిస్తారు. జోయెల్ వెళ్లిపోతాడు. కొన్ని నిమిషాలు, అంతే. ఇక వాళ్ల ఊసు లేదు.

మా అభ్యంతరం ఇక్కడే. సైన్యాలు కూలినచోట, పట్నాలు కాలినచోట, ఆ ఇద్దరూ ఇరవై ఏళ్లు ఎలా బతికారు? ఏం తిన్నారు, చలిని ఎలా దాటారు, వాళ్ల వాళ్లంతా ఏమయ్యారు, వాళ్లది ఏ తెగ, ఏ భాషలో కలలు కంటారు? లోకం ముగిశాక ఎలా బతకాలన్నదే కథ అయినప్పుడు అందులో అన్నిటికన్నా పెద్ద పాఠం చెప్పగలిగినవాళ్లు వీళ్లే. వాళ్లను అడిగింది మాత్రం దారి. మన తెలుగు సినిమాల్లోనూ అడవిలో దారి తప్పిన హీరోకు గూడెం ముసలాయన దారి చూపి, గంజి పోసి, తెర మీద నుంచి తప్పుకుంటాడు. అక్కడైనా ఇక్కడైనా ఆదివాసీ పాత్ర ఒక మైలురాయి. రాయిని ఎవరూ కథ అడగరు. బిల్, ఫ్రాంక్‌లకు ఒక భాగమంతా ఇచ్చిన రచయితలు మార్లన్, ఫ్లోరెన్స్‌లకు కూడా ఒక భాగం ఇచ్చి ఉంటే ఈ సీరియల్ స్థాయే వేరుగా ఉండేది. వాళ్లకు రాయడం చేతకాక కాదు. ఆ నాలుగు మాటల్లోనే ఆ జంటను మన ముందు నిలబెట్టారు. అడగాలని తోచలేదు.

ఇప్పుడు ఆసుపత్రి దగ్గరికి వద్దాం. వైద్యులు ఎల్లీకి మత్తు ఇచ్చేశారు. ఆమె మెదడు కోసి అందులోని బూజు తీస్తే మందు తయారవుతుందట, ఆమె బతకదు. పిల్లకు ఈ సంగతి చెప్పలేదు. భయపడకుండా ఉండడానికే చెప్పలేదని దళం నాయకురాలు మార్లీన్ అంటుంది. జోయెల్ ఆసుపత్రిలో అడ్డొచ్చినవాళ్లందరినీ చంపి పిల్లను ఎత్తుకుపోతాడు. మెలకువ వచ్చాక అబద్ధం చెబుతాడు: నీలాంటివాళ్లు ఇంకా చాలామంది ఉన్నారట, మందు కుదరలేదట. ఒట్టు వేయమంటే వేస్తాడు. సరే అంటుంది ఎల్లీ. అక్కడితో సీజన్ ముగుస్తుంది.

ఒక్కరిని చంపి లోకాన్ని బతికించవచ్చా, లోకాన్ని వదిలి ఒక్క బిడ్డను కాపాడుకోవచ్చా అని ఆట వచ్చిన నాటి నుంచి దేశదేశాల్లో వాదిస్తూనే ఉన్నారు. మా గదిలోనూ అదే జరిగింది. ఈ వాదన మొత్తం మార్లీన్‌కూ జోయెల్‌కూ మధ్య. ఒకరు లోకం పేరు చెప్పి, ఒకరు ప్రేమ పేరు చెప్పి ఆ పిల్ల తరఫున తామే తేల్చేశారు. 2025లో వచ్చిన రెండో సీజన్‌లో ఎల్లీకి నిజం తెలుస్తుంది. తనకు దక్కాల్సిన అర్థాన్ని లాగేసుకున్నావని జోయెల్‌ను నిలదీస్తుంది. ఆమె చనిపోవడానికి ఒప్పుకునేదేమో. ఒప్పుకోకపోయేదేమో. పద్నాలుగేళ్ల పిల్లను అలాంటి మాట అడగడమే తప్పని మీరు అనవచ్చు, అది ఆలోచించాల్సిన మాటే. కానీ అడగకుండానే కోయడం అంతకన్నా తప్పు.

ఈ కథ మనకు కొత్త కాదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం వైపు కూడా, 10 నుంచి 14 ఏళ్ల మధ్య బాలికలు సుమారు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పరిశీలన అది. వాళ్లలో చాలామంది ఆదివాసీ పిల్లలు, హాస్టళ్లలో చదువుకునేవాళ్లు. కొందరు బాలికలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపేసింది. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేల్చారు. కానీ అదే విచారణలో సంతకాల సంగతి బయటపడింది. చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 పత్రాల మీద ఉన్నవి హాస్టల్ వార్డెన్ల సంతకాలు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో దీన్ని తీవ్రంగా తప్పుబట్టింది. ఎల్లీ కథ ఆటగా బయటికి వచ్చింది ఆ ఏడాదే, రెండు నెలల ముందు.

మా మాట టీకా మీద కాదు. ఆ టీకా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకుంటుంది. ఎన్నో దేశాల్లో ఆడపిల్లలకు వేస్తున్నారు, మన ఆడపిల్లలకూ అందాలి. మా మాట సంతకం మీద. మంచి మందైనా సరే, ఆ పిల్ల ఒంట్లోకి పోయేముందు ఆ పిల్లకూ ఆమె తల్లిదండ్రులకూ వాళ్ల భాషలో చెప్పి, వద్దనే హక్కు ఉందని కూడా చెప్పి అడగాలి. మార్లీన్ చెడ్డది కాదు. ఆమెకు ఎల్లీ అంటే ప్రేమే. ఆ వార్డెన్లు కూడా పిల్లలకు చెడు తలపెట్టి ఉండరు. వాళ్ల మేలు మాకు తెలుసు అనుకున్నారు. ఆ ఒక్క అనుకోవడం చాలు.

ఒంటికి వర్తించేదే భూమికీ వర్తిస్తుంది. మా పక్కనే న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 17 ఊళ్ల పరిధిలో 12,635 ఎకరాలు పారిశ్రామిక మండలికి కావాలన్నారు. లోకానికి మేలు, పిల్లలకు కొలువులు అని చెబుతారు. మేలు ఉండొచ్చు. ఎల్లీ ఒంట్లో ఉన్నదాన్ని లోకం కోసం అడిగినట్టే, మన చేతిలో మిగిలినదాన్ని లోకం కోసం అడుగుతారు. అడగడం అంటే ఏమిటో అక్కడ కూడా తేలాలి.

ఈ సీరియల్‌ను పిల్లలకు చూపించవచ్చా అని తోటి టీచర్లు అడుగుతున్నారు. హింస ఎక్కువ, చిన్న పిల్లలు చనిపోయే దృశ్యాలున్నాయి, ఆత్మహత్యలున్నాయి. బడి పిల్లలకు వద్దు. డిగ్రీ పిల్లలతో, పక్కన కూర్చుని, మధ్యమధ్య ఆపి మాట్లాడుకుంటూ చూడండి. నటన కోసం చూడవచ్చు. పెడ్రో పాస్కల్ కళ్లలో బిడ్డను పోగొట్టుకున్న తండ్రి ఇరవై ఏళ్లు నిలిచే ఉంటాడు, బెల్లా రామ్సే ఎల్లీలోని పెంకితనాన్నీ భయాన్నీ ఒకేసారి చూపిస్తుంది. ఐదో భాగంలో చెవులు వినిపించని సామ్ అనే పిల్లవాడున్నాడు. అన్న హెన్రీ అతనితో సైగల్లో మాట్లాడతాడు. ఆ పాత్ర చేసినది కూడా వినికిడి లేని పిల్లవాడే. ఒక పిల్లవాడి భాష నేర్చుకోవడమే అతన్ని ప్రేమించడమని ఆ అన్నదమ్ములు ఎవరూ చెప్పకుండానే చూపించారు. బడిలో తెలుగు రాని మొదటి తరగతి లంబాడీ పిల్ల ముందు నిలబడే ప్రతి టీచరూ ఆ భాగం చూడాలి.

మా గదిలో ఆ రోజు ఆ అమ్మాయి మాట తర్వాత వాదన మళ్లీ మొదలుకాలేదు. నువ్వు ఎల్లీవైతే ఏం చెప్పేదానివని ఒక కుర్రాడు ఆమెను అడిగాడు. “నాకు ఒక రోజు టైం ఇవ్వమనేదాన్ని, మా యాడితో మాట్లాడేదాన్ని” అంది. ఆశ్రమ పాఠశాలలో, గురుకులంలో పనిచేసే మన టీచర్ల బల్ల మీదికి ఇంకా ఎన్నో కాగితాలు వస్తాయి. రక్త పరీక్షలు, సర్వేలు, ఫొటోలు, మందులు, ప్రయోగాలు. వచ్చినప్పుడు సంతకం పెట్టేముందు ఆ కాగితాన్ని గోర్ బోలీలోనో, కోయలోనో, గోండిలోనో పిల్లకు చదివి వినిపించండి. ఇంటికి ఫోను చేయించండి. ఆ ఒక్క రోజు ఆగండి.